తడి ఇసుక సంచి

కొండల అంచున ఉన్న ఊరు,
పెట్రోలు బంకు వెనక అద్దె గది

వదినా,

క్షేమం. మొదటి మాట అదే రాయమన్నావు కాబట్టి రాశాను. ఇక్కడి నుంచి నా ఇష్టం.

మైదానం అయిపోయింది. రేపటి నుంచి ఎక్కుడే. కిటికీలోంచి చూస్తే కొండలు ఎత్తు ప్రకారం వరసగా నిలబడి ఉన్నాయి. పొట్టివి ముందు, పొడుగువి వెనక, అచ్చం నేను డ్రిల్లుకి నిలబెట్టే పిల్లల్లాగే. ఈల ఊదాలనిపించింది. మెడలోనే ఉంది. గుమ్మంలో ఓనరు కుక్క పడుకుని ఉందని ఊరుకున్నాను.

నీ సీటు గురించి చెప్పాలి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బండి మీద కూర్చుని, దిగాక మామూలు మనిషిలా నడిచి వెళ్ళి టీ అడిగాను. పక్క బండి మీద వచ్చిన కుర్రాళ్ళిద్దరు నడుములు పట్టుకుని గోడకి ఆనుకున్నారు. ఏం సీటక్కా అది అని అడిగారు. మా వదిన కుట్టింది, మీకు కావాలంటే ముందు తడి ఇసుక సంచి మీద కూర్చోవాలి అని చెప్పాను. ఆ రోజు నీ షాపులో బల్ల మీద ఆ సంచి పెట్టి, దూర ప్రయాణం చేసే వాళ్ళందరినీ ఇలాగే కూర్చోబెడతానని నువ్వంటే, ప్యాంటు తడిసిందని నేను ఎంత గొడవ చేశానో. ఇప్పుడు మాట వెనక్కి తీసుకుంటున్నాను. పోయిన ఏడు వానలో బండి జారి తుంటి విరిగాక, మంచం మీద నాకు తల దువ్వి, అన్నం పెట్టి, మళ్ళీ బండి ఎక్కించింది నువ్వే. ఇవన్నీ ఎదురుగా చెబితే సిగ్గు. ఉత్తరంలో అయితే నా మొహం కనపడదు.

కాలు బాగుంది. తుంటి బాగుంది. డాక్టరు చెప్పినట్టే అంతా సర్దుకుంది.

హెడ్మిస్ట్రెస్ మాట నీకు తెలుసుగా. స్కూలు తెరిచేలోపు తేల్చమంది. డ్రిల్లు టీచరుగా మైదానంలోకి వస్తావా, లైబ్రరీలో కుర్చీ వేయించనా అని. ఆవిడ మంచికే అడిగింది. నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. పైనున్న కనుమ దాటితే మైదానం. దాటలేకపోతే నోరు మూసుకుని కుర్చీ. అన్నయ్య నీతో చెప్పించిన షరతు కూడా అదే దారిలో ఉంది కదా, నొప్పి అంటే వెనక్కి తిరగాలని.

అన్నయ్య గుమ్మం దాకా కూడా రాలేదు, చూశావుగా. అందుకే ఫోన్ చేయడం లేదు. ముందు ఆయనే ఎత్తుతాడు, వదినకి ఇస్తున్నా అంటాడు, అంతే. పైకి పోతే సిగ్నలూ ఉండదట. దారిలో పోస్టాఫీసులు ఏవేవో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. నా పేరున ఉంచమని రాసి ఉత్తరాలు వెయ్యి.

నీ ఆడపడుచు


ఇల్లు,
వంటగది బల్ల

ఈలమ్మకు,

మీ స్కూలు పిల్లలు పెట్టిన పేరే నేనూ వాడేస్తున్నాను, కోపం తెచ్చుకోకు. నీ ఉత్తరం వచ్చింది. నన్ను అంతలా పొగిడావంటే ఏదో దాచావని అర్థం. సరే, పొగడ్త మాత్రం ఉంచేసుకుంటున్నాను.

ఇంటికి రంగులు వేయిస్తున్నాం. వంటగదిలో సామాను హాల్లోకి, హాల్లోది మంచం మీదికి, మేం మాత్రం ఎక్కడున్నామో మాకే తెలియడం లేదు. ఉప్పు డబ్బా నిన్న మీ అన్నయ్య తాపీ పనిముట్ల మధ్య దొరికింది. పెయింటరు గబగబా పని చేస్తాడు, మంచివాడే. కానీ నడవా తలుపు చట్రం మీద బ్రష్షు పెట్టబోతే మీ అన్నయ్య కేకేసి ఆపారు. చిన్నప్పుడు నిన్ను నిలబెట్టి నీ ఎత్తు గీసిన పెన్సిలు గీతలు ఉన్నాయిగా, అవి పోతాయని. ఇప్పుడు ఇల్లంతా తెల్లగా మెరుస్తుంటే ఆ ఒక్క చట్రం మాసిన గుడ్డలా ఉంది. వచ్చిన వాళ్ళందరూ అదేమిటని అడుగుతున్నారు. నేను ఆయన్నే అడగండి అంటున్నాను, ఆయనేమో పెయింటరుకి పని చెప్పడానికి లోపలికి వెళ్ళిపోతున్నారు.

నీ గురించి మాట్లాడరు. కానీ టీవీలో వాతావరణం చెప్పే టైముకి రిమోటు ఆయన చేతిలోకి వెళ్ళిపోతుంది. కొండల్లో వాన అని చెబితే లేచి బయటికి వెళ్ళి ఆకాశం చూసి వస్తున్నారు. ఇక్కడి ఆకాశంలో ఏం కనపడుతుందో ఆయనకే తెలియాలి.

షాపులో పని బాగానే ఉంది. ఒకాయన తన స్కూటరు సీటు తెచ్చి, మా ఆవిడ వెనక కూర్చుంటే ముందుకు జారి నా మీద పడుతోంది, సరి చెయ్యమన్నాడు. పక్కనే ఉన్న ఆవిడ, నేను జారడం లేదు, ఆయన బ్రేకు అలా వేస్తారు అంది. నేను సీటు మాత్రమే బాగుచేస్తానని చెప్పి పంపాను.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. సీటు జోలికి ఎవరినీ రానివ్వకు. తడిస్తే ఎండలో పెట్టు, అంతకు మించి ఏమీ చెయ్యొద్దు. కవరు చిరిగితే టేపు వేసి నడిపించు, ఇంటికొచ్చాక నేను చూసుకుంటాను. ఎందుకని అడగకు. నా పని మీద నాకు పట్టింపు అనుకో.

వదిన


వాన తగ్గని ఊరు,
సీట్లు కుట్టే ఆయన కొట్టు ఎదురుగా టీ బల్ల

వదినా,

ముందే చెబుతున్నాను, నవ్వుతూ చదువు. కోప్పడే వాళ్ళు చదవడం ఇక్కడే ఆపెయ్యండి.

నిన్న ఘాటు రోడ్డులో ఒకటే వాన. సామాను కట్టిన కొక్కెం సీటు కవరుకి తగిలి పక్క కుట్టు దగ్గర చీరింది. లోపలికి నీళ్ళు పోయి, గుంట వచ్చిన ప్రతిచోటా నా కింద కప్ప అరిచినట్టు చప్పుడు. ఈ ఊళ్ళో ఆగి అడిగితే ఒక ముసలాయన కొట్టు చూపించారు. నీ షాపులో మూడో వంతు ఉంటుంది. గోడ నిండా దారం ఉండలు. ఆయన మాట్లాడితే నోట్లో పిన్నులు కదులుతుంటాయి, అయినా ప్రతి మాటా అర్థమవుతుంది.

కవరు విప్పి కుట్టు మీద వేలు పెట్టి, "ఎవరు కుట్టారమ్మా ఇది?" అన్నాడు.

"మా వదిన."

"చేతులు కడుక్కుని ముట్టుకోవాల్సిన పని. మీ వదిన నా దగ్గరుంటే ఈ కొట్టు ఆవిడకే రాసిచ్చేసేవాణ్ణి," అన్నాడు. గర్వంతో నాకు మొహం ఇంత అయింది. తర్వాత ఆయన ఫోము మీద రెండు అరచేతులూ పెట్టి, కళ్ళు మూసుకుని, తల అడ్డంగా ఊపాడు. "కానీ పాపం, ఒక పక్క ఎత్తు వచ్చేసింది. ఎడమ పక్క. చెయ్యి పెట్టి చూడు."

చూశాను. నిజమే వదినా. ఎడమ వైపు అడుగున వాలుగా కోసిన ముక్క ఒకటి అతికించి ఉంది, ఒక అంచు వేలు మందం, రెండో అంచు కాగితంలా. ఫోము చాలక అతుకు వేసి ఉంటారు, చివర్లో చూసుకోలేదు, ఎంత పనివాళ్ళకైనా జరుగుతుంది అని ఆయనే నీ తరఫున సర్ది చెప్పాడు. ఆ ముక్క తీసేసి, ఆరబెట్టి, బల్లలా చదును చేసి, మళ్ళీ కవరు వేసిచ్చాడు. ముక్క కూడా పారెయ్యలేదు. మంచి సరుకు, ఉంచుకో అని నా చేతిలో పెట్టాడు.

కాబట్టి వదిన గారూ, కళ్ళజోడు మార్చే రోజు వచ్చింది. ఇన్నేళ్ళుగా మా అందరి కుట్లలో తప్పులు పట్టిన దానివి, నీ తప్పు పట్టడానికి ఇంత కొండ ఎక్కాల్సి వచ్చింది. కంగారు పడకు, ఎవరికీ చెప్పను. ఇంటికి వచ్చాక రోజుకొకసారి నీకు మాత్రం చెబుతాను.

నీ ఉత్తరం ఇంకా అందలేదు. తర్వాతి ఊళ్ళో ఉంటుందేమో. ఇక్కడ ఇళ్ళ కప్పుల మీద నాచు పచ్చగా, తడిగా ఉంది. ఎక్కడ చూసినా నీళ్ళు జారే చప్పుడే. ఇంత దూరం వచ్చానంటే నాకే నమ్మకం కుదరడం లేదు. థాంక్స్ వదినా, వంకర సీటుకి కూడా.

నీ ఆడపడుచు


సరస్సు ఊరు,
పోస్టాఫీసు కౌంటరు

వదినా,

క్షేమం. నీ ఉత్తరం ఇక్కడ నాకోసం కాచుకుని ఉంది. సీటు జోలికి ఎవరినీ రానివ్వొద్దన్నావు. ఒక్కరోజు ఆలస్యమైంది. నీ పనితనం మీద నీకింత పట్టింపు ఉందని తెలియదు.

సరస్సు బాగుంది. నీలంగా ఉంది. రెండు రోజులు ఉండి చూడాలనిపించి ఆగిపోయాను.

కనుమ మీద మంచు ఇంకా కరగలేదంటున్నారు. లారీలు పోతున్నాయి కానీ బండికి కష్టమట. రేపో ఎల్లుండో చూసి, కుదరకపోతే వెనక్కి వచ్చేస్తాను. ఇంత దూరం చూశాను, చాలదా. అన్నట్టు, మా లైబ్రరీ గదిలో కొత్త ఫ్యాను వేయించారని తోటి టీచరు చెప్పింది. వెలుతురు కూడా ఆ గదిలోనే బాగుంటుంది.

ఆ సీటాయన ఇచ్చిన ముక్క బాగా పనికొస్తోంది. చైను బిగించేటప్పుడు మోకాలి కింద పెట్టుకుంటున్నాను. చూశావా, నీ అతుకు కూడా వృథా పోలేదు.

తలుపు చట్రానికి రంగు వేయించెయ్యమని చెప్పు. అన్నయ్య చెప్పినట్టు వినలేదని నా మీద కోపం, గీతల మీద మాత్రం ప్రేమానా. ఆయనకి బండీ అక్కర్లేదు, బండి మీది మనిషీ అక్కర్లేదు.

నీ ఆడపడుచు


ఇల్లు,
షాపు బల్ల

ఈలమ్మకు,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. మొదటిది చదివి నెత్తి కొట్టుకున్నాను. రెండోది చదివి చేతిలో పని పక్కన పెట్టి షాపు మూసేశాను. ఇదే ఉత్తరం మూడుసార్లు రాస్తున్నాను. ఒకటి సరస్సు ఊరికి, ఒకటి కనుమ కింది ఊరికి, ఒకటి నువ్వు తిరిగి వచ్చే దారిలో వాన ఊరికి. నువ్వెక్కడున్నా నీ చేతిలో పడాలని.

ముందు నువ్వు చెయ్యాల్సింది చెబుతాను, తర్వాత తిట్టుకో. నువ్వు మోకాలి కింద పెట్టుకుంటున్నావే, ఆ ముక్క అతుకు కాదు. తప్పూ కాదు. నేను కావాలని పెట్టింది. కవరుకి ఎడమ పక్క అంచు విప్పు, అంతా విప్పొద్దు, జానెడు చాలు. ఆ ముక్కని మందంగా ఉన్న అంచు బయటికి, పల్చటి అంచు నడిమికి వచ్చేలా లోపలికి తొయ్యి. వెనక నుంచి ముందుకు చేత్తో నిమురు, ముడత ఉండకూడదు. పైన దబ్బనంతో పెద్ద పెద్ద కుట్లు వెయ్యి. నువ్వు సూది పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందంగా ఉండక్కర్లేదు, ఊడకుండా ఉంటే చాలు.

నీ తుంటి అతుక్కున్నప్పుడు ఎడమ వైపు కొంచెం దిగింది. నాకు తెలుసు. ఆస్పత్రికి చివరిసారి ఒక్కదానివే వెళ్ళి, వచ్చాక అంతా సర్దుకుందన్నావు. ఆ వారమే నీ ఎడమ బూటులో అదనంగా అట్ట పెట్టుకున్నావు. ఊడ్చేటప్పుడు మంచం కింద నీ బూట్లు జరిపాను. ఒకటి బరువుగా ఉంటే ఎవరికి తెలియదు. ఇసుక సంచి మీద కూర్చోబెడితే ఎడమ వైపు గుంట లోతుగా పడింది. ఎంత లోతో చూసుకుని, ఆ మందమే కోసి పెట్టాను. ఆ ఎత్తు ఉంటే నీ నడుము నిటారుగా నిలుస్తుంది. లేకపోతే రోజంతా ఒక పక్కకి ఒరిగి కూర్చుంటావు, రెండో రోజుకి నడుము పట్టేస్తుంది, మూడో రోజుకి కూర్చోలేవు.

నీకు చెప్పి పెడితే సీటు విసిరికొట్టేదానివి. జాలి పడ్డానని నాలుగు రోజులు మాట్లాడేదానివి కాదు. అందుకే చెప్పలేదు. చెప్పకపోబట్టే ఆ పెద్దాయన పాపం మంచి చెయ్యబోయాడు. తప్పు నాది, ఆయన్ని ఏమీ అనకు.

మంచు లేదు అమ్మాయ్. మంచు గురించి నేను ఒక్క ముక్క కూడా నమ్మలేదు. పోస్టాఫీసు కౌంటరు అని పైన నువ్వే రాశావు. టీ బల్ల మీద కూర్చుని రాసే మనిషివి, నిలబడి ఎందుకు రాశావు? అక్షరాలు కూడా పక్కకి ఒరిగాయి. నువ్వు కూర్చోలేకపోతున్నావు. లైబ్రరీ ఫ్యాను సంగతి చదివినప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది. నువ్వు ఫ్యాను కింద కూర్చునే మనిషివి కాదు.

నొప్పి నీ కాలు చేతకాక వచ్చింది కాదు. ఒక ముక్క తీసేయడం వల్ల వచ్చింది. ముక్క పెట్టు, ఒకరోజు పడుకో, మళ్ళీ ఎక్కు. అప్పటికీ నొప్పి ఉంటే వచ్చెయ్యి, ఏ పరీక్షా వద్దు. కానీ వంకరది నీ సీటో నువ్వో తేలకుండా వెనక్కి రాకు.

వదిన


కనుమకి అవతలి వైపు మొదటి ఊరు,
ఆపిల్ తోట పక్క గది, కుర్చీలో కూర్చుని

వదినా,

పైన చూశావుగా, కుర్చీలో కూర్చుని. ముందు అదే రాశాను.

నీ ఉత్తరం సరస్సు ఊళ్ళోనే దొరికింది. రేపు, రేపు అనుకుంటూ వారం పైగా అక్కడే పడి ఉన్నాను. నిజం చెబుతాను. ఆ పొద్దున బండి మొహం కిందికి తిప్పేశాను. సామాను కట్టేశాను. ఇక నాకోసం ఏమొచ్చినా కిందికి పంపమని చెప్పడానికి పోస్టాఫీసుకి వెళితే, ఇప్పుడే వచ్చింది, తీసుకెళ్ళి చదువుకోండి అని కౌంటరు వెనకున్న ఆయన నా చేతిలో పెట్టాడు. మెట్ల మీద నిలబడి చదివాను. మొదట ఒళ్ళు మండింది. నాకు తెలియకుండా నా కింద ఎత్తు పెట్టడానికి నువ్వెవరు అనుకున్నాను. బూట్లో అట్ట పెట్టుకుని ఇన్ని నెలలు ఎవరికీ తెలియదని తిరిగాను కదా, ఇంట్లో అందరి ముందూ నాటకం ఆడినట్టయింది. రెండోసారి చదివాను. మూడోసారి చదువుతుంటే అక్షరాలు కనపడలేదు, ఏడ్చేశాను. పోస్టాఫీసాయన ఎవరైనా పోయారేమోనని నీళ్ళు తెచ్చిచ్చాడు.

పార్సిళ్ళు కుట్టే దబ్బనం, పురికొస ఆయన దగ్గరే ఉన్నాయి. వరండాలో కూర్చుని, కాదు, మోకాళ్ళ మీద నిలబడి నేనే కుట్టాను. ఆ కుట్లు చూస్తే నువ్వు షాపు మూసేస్తావు. మధ్యలో ఆయన ఆగలేక, ఇలా ఇవ్వండి అని చివరి నాలుగు కుట్లూ వేసి, అలవాటు కొద్దీ లక్క కూడా కరిగించి ముడి మీద పోశాడు. నీ సీటుకి ఇప్పుడు పోస్టాఫీసు సీలు ఉంది.

ఒకరోజు పడుకున్నాను. మర్నాడు ఎక్కి కూర్చోగానే తెలిసిపోయింది వదినా. ఎలా చెప్పను, ఎవరో వెనక నుంచి భుజాలు పట్టి నెమ్మదిగా నిటారుగా కూర్చోబెట్టినట్టు ఉంది. మొదటి వారం అంతా హాయిగా వచ్చానే, అది నా సత్తా అనుకున్నాను. నువ్వు మోస్తున్నావని తెలియలేదు.

కనుమ దారి గతుకులే. మలుపుల్లో కరిగిన నీళ్ళు రోడ్డు మీద నుంచి పారుతున్నాయి. రెండు చోట్ల బండి ఆపి, ముందు లారీ ఎలా దాటుతుందో చూసి దాటాను. పైకి వచ్చేసరికి రెండు వైపులా మంచు నా భుజం ఎత్తు ఉంది. కాబట్టి మంచు గురించి నేను పూర్తిగా అబద్ధం చెప్పలేదు. లారీ డ్రైవరు ఒకాయన ఫ్లాస్కు లోంచి టీ పోసిచ్చి, దిగి కాళ్ళు చాపుకోండి అన్నాడు. దిగలేదు. సీటు మీదే కూర్చుని టీ తాగాను. నొప్పి లేదు. కింద లోయ కనపడుతోంది, నేను వచ్చిన రోడ్డంతా సన్నటి దారంలా. అప్పుడు మెడలో ఈల తీసి గట్టిగా ఊదాను. డ్రైవరు ఉలిక్కిపడి టీ ఒలకబోసుకున్నాడు. క్షమించమని అడిగి, ఎందుకు ఊదానో చెప్పాను. మీ వదినకి నా నమస్కారం చెప్పండి అన్నాడు, చెబుతున్నాను.

నీతో ఎప్పుడూ అనని మాట రాస్తున్నాను. చివరిసారి డాక్టరు, ఈ తేడా ఇక ఉండిపోతుందమ్మా అన్నాడు. ఇంటికి వచ్చి అంతా సర్దుకుందన్నాను. ఆ మాట పైకి అంటే మైదానం పోతుందని భయం. ఇప్పుడు భయం లేదు. హెడ్మిస్ట్రెస్‌కి చెప్పేస్తాను, ఒక పక్క తక్కువ ఉంది, ఎత్తు బూటు వేసుకుని మైదానంలోకే వస్తానని. పిల్లలు అడిగితే చూపిస్తాను.

నేను ఏం చేసినా నీ రుణం తీరదు వదినా. ఈ దారిలో నేను చూసినదంతా నీ చేతి చలవ. అన్నయ్యకి మాత్రం ఇదేమీ చెప్పకు. ఆయనకి తెలిస్తే, నేను ముందే వద్దన్నానుగా అంటాడు.

నీ ఆడపడుచు


ఇల్లు,
వంటగది బల్ల

ఈలమ్మకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ సంతోషమే. నువ్వు చెప్పిన థాంక్స్ అంతా నేనొక్కదాన్నే మింగితే అరగదు. మాట ఇచ్చాను కాబట్టి ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు మాట తప్పుతున్నాను.

సీట్ల షాపులో తడి ఇసుక సంచి ఎందుకుంటుంది అమ్మాయ్? ఎప్పుడైనా ఆలోచించావా? నేను ఎవరినీ దాని మీద కూర్చోబెట్టలేదు. నీకు ముందూ లేదు, నీ తర్వాతా లేదు. ఇసుక ఎవరి దగ్గర ఉంటుంది మన ఇంట్లో?

నువ్వు ఆస్పత్రి నుంచి రాకముందే మీ అన్నయ్య స్నానాల గది నేలంతా తవ్వి, నువ్వు జారకుండా గరుకు టైల్స్ వేశారు, గుర్తుందా. నువ్వు కర్ర వదిలేసిన కొత్తలో ఒక పొద్దున అద్దం ముందు ఉత్తి కాళ్ళతో నిలబడి పళ్ళు తోముకుంటున్నావు. ఆయన అటుగా పోతూ చూసి ఆగిపోయారు. నువ్వు ఒక పక్కకి ఒరిగి ఉన్నావు. తను వేసిన నేల వాలిందనుకున్నారు. నువ్వు స్కూలుకి ఏదో కాగితం ఇవ్వడానికి వెళ్ళగానే రసమట్టం తెచ్చుకుని మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఒక్కో టైలు మీద పెట్టి చూడటం, గొట్టంలో బుడగ ఎక్కడ ఆగిందో చూడటం. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. నేను కాఫీ పట్టుకెళ్ళేసరికి ఆ గది మధ్యలో అలాగే కూర్చుని ఉన్నారు. ఏమైందని అడిగితే, "నేల సరిగ్గానే ఉంది," అన్నారు. అంతే.

నువ్వు ప్రయాణం అన్నప్పటి నుంచి మాట్లాడటం మానేస్తే కోపం అనుకున్నావు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కోపం కాదు. నోరు తెరిస్తే తనకి తెలిసిన సంగతి బయటపడుతుందని భయం. నువ్వు దాచుకున్నావు కాబట్టి ఆయనా దాచారు. ఒకరోజు సన్నటి ఇసుక జల్లెడ పట్టి, సంచిలో పోసి, తడిపి షాపుకి తెచ్చారు. "దాన్ని దీని మీద కూర్చోబెట్టు. ఎంత తేడా ఉందో నేను కొలుస్తాను. నా పేరు చెప్పకు, చెబితే బండి కూడా వదిలేసి నడిచి పోతుంది," అన్నారు. నువ్వు వెళ్ళాక ఆ గుంటల మీద బద్ద అడ్డం పెట్టి కొలిచింది ఆయనే. కోసింది, కుట్టింది నేను. బూట్ల బరువు సంగతి నిజమే, కానీ అది ఆయన చెప్పాకే నా బుర్రకి ఎక్కింది.

గుమ్మం దాకా ఎందుకు రాలేదంటావా? నువ్వు బండి ఎక్కి కూర్చున్నప్పుడు మేడ మీద ఉన్నారు. అక్కడి నుంచైతే నీ భుజాలు రెండూ సమానంగా ఉన్నాయో లేదో బాగా కనపడుతుందట. నువ్వు సందు మలుపు తిరిగాక కిందికి వచ్చి, బాగా వచ్చింది అన్నారు. నా పనిని ఈయన మెచ్చుకోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

నీ సరస్సు ఉత్తరం చదివి నేను షాపు మూసి వచ్చానన్నానుగా, ఆ మూడు ఉత్తరాలూ పోస్టు చేసింది కూడా ఆయనే. చిన్న పోస్టాఫీసులో వేస్తే ఆలస్యమని పని మానుకుని పెద్దాఫీసుకి వెళ్ళి వేసి వచ్చారు. ఆ తర్వాత వాతావరణం కూడా చూడలేదు. నువ్వు కనుమ దాటావని చెబితే సరే అని లేచి, అప్పటికే శుభ్రంగా ఉన్న పనిముట్లన్నీ మళ్ళీ తుడిచారు.

ఇక నీ ఇష్టం. ఆయన మీద కోపం ఉంచుకుంటావో తీసేస్తావో.

వదిన


తిరుగు దారిలో, మైదానం కనపడే ఊరు,
టీ కొట్టు బెంచీ

అన్నయ్యా,

ఈ ఉత్తరం నీకు. వదినకి ఇవ్వకు, నువ్వే చదువు. తర్వాత కావాలంటే ఇవ్వు, ఎలాగూ లాక్కుంటుంది.

వదిన మాట తప్పింది. ఆవిణ్ణి ఏమీ అనకు. నాకు చెప్పకుండా ఉంటే, నీ మీద కోపంతో ఇంటికి వచ్చేదాన్ని. ఎంత తప్పయ్యేదో.

నీకు ఏం రాయాలో రెండు ఊళ్ళ నుంచి ఆలోచిస్తున్నాను. థాంక్స్ అని రాస్తే నువ్వు కళ్ళు చిట్లిస్తావు. అయినా రాస్తున్నాను. స్నానాల గది నేలకి, ఇసుకకి, మేడ మీద నిలబడ్డందుకు, పెద్దాఫీసు దాకా వెళ్ళినందుకు. ఆ నేల మీద మోకాళ్ళ మీద పాకుతూ తప్పు నీ పనిలోనే ఉండాలని వెతికావు కదా, అది మాత్రం తలుచుకుంటే తట్టుకోలేకపోతున్నాను. నీ పని ఎప్పుడు వంకరగా ఉంది అన్నయ్యా?

వచ్చే దారిలో వాన ఊళ్ళో ఆ సీటాయన దగ్గర ఆగాను. సంగతంతా చెబితే పిన్నులు నోట్లోంచి తీసి పక్కన పెట్టి, ఇలా ఇవ్వు అని, నా కుట్లూ లక్కా విప్పి ముక్కని లోపలే గట్టిగా అతికించి కుట్టాడు. లక్క బిళ్ళ మాత్రం వదినకి చూపించడానికి దాచాను. ముక్క మందం అంచు మీద రెండు వేళ్ళు పెట్టి, ఇది కళ్ళతో చూసి కోసింది కాదు, ఎవరో కొలిచిచ్చారు అన్నాడు. మా అన్నయ్య అని చెప్పాను. చెప్పడానికి ఎంత బాగుందో.

ఈ ఉత్తరం నీకు ముందు అందాలని ఇక్కడ నాలుగు రోజులు ఆగి వస్తాను. వచ్చాక బూట్లు కుట్టే ఆయన దగ్గరికి వెళ్ళాలి, ఎడమ దానికి అడుగున ఎత్తు వేయించాలి. నువ్వు కూడా రావాలి. ఎంత ఎత్తు అని ఆయన అడిగితే నేను సరిగా చెప్పను, నీకు తెలుసు. తక్కువ చెబుతాను. ముందు ఇంట్లో నువ్వే నన్ను నిలబెట్టి కొలువు. ఆ తలుపు చట్రం దగ్గరే, రంగు వెయ్యని దాని దగ్గరే. రసమట్టం తెచ్చుకో.

చిన్నప్పుడు నువ్వు పెన్సిలు పట్టుకుని గీత గీసేటప్పుడల్లా నేను మడమలు ఎత్తి పొడుగయ్యేదాన్ని. నువ్వు తల మీద ఒక మొట్టికాయ వేసి, నేల మీద నిలబడవే అనేవాడివి.

ఈసారి మడమలు ఎత్తను.

నీ చెల్లెలు